బకెట్టు లెక్క

బాయిలరు అనే మాటకు తెలుగిళ్లలో ఒక రూపం ఉండేది. నిలువుగా నిలబెట్టిన రాగి డ్రమ్ము, నడుమ పొగగొట్టం, కింద నిప్పులగూడు, పక్కన ఒక పంపు. బొగ్గులో కొబ్బరి డొక్కలో వేసి అంటిస్తే గొట్టం చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. అంత స్తోమత లేని ఇంట్లో పెరటి పొయ్యి మీద కాగు ఉండేది. రాగి డ్రమ్ముకైనా మట్టి పొయ్యికైనా ముందుగా కావలసింది పెరడు. కృష్ణా డెల్టా దిగువన ఇప్పుడు కడుతున్న ఇళ్లలో లేనిది అదే. గుడివాడ మల్లాయపాలెంలో రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టిడ్కో కట్టిన 8,912 ఇళ్లు 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. టిడ్కో ఇళ్ల కొలతలు మూడే: 300, 365, 430 చదరపు అడుగులు. పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర స్థలాల్లో లేచిన కాలనీ ఇళ్ల సంగతీ దాదాపు అంతే. సెంటంటే 435 చదరపు అడుగుల చిల్లర. అందులో గోడలు, మెట్లు పోగా మిగిలినదే ఇల్లు. బందరులో పాత పెంకుటింటిని అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరి వాటాకు వచ్చేదీ ఇంతే. ఇలాంటి ఇంట్లో నీళ్లు కాచుకునే సాధనం ఎక్కడ పెట్టాలి, ఎంతది పెట్టాలి అనేది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ కొన్నాక ఎనిమిది పదేళ్లు గోడ మీద వేలాడేది అదే. పొరపాటు చేస్తే రోజూ కళ్లముందే ఉంటుంది.

ఇంగ్లండులో చిన్నిళ్లవాళ్లు ఈ చిక్కును కాంబీ బాయిలరుతో తీర్చుకున్నారు. వంటింటి అలమరలో పట్టే ఒక గ్యాసు పెట్టె. అది చలికాలంలో గదుల్లోని రేడియేటర్లకు వేడినీళ్లు పంపుతుంది, కొళాయి తిప్పితే స్నానానికీ అప్పటికప్పుడు కాచి ఇస్తుంది. అటక మీద నీళ్ల ట్యాంకు, బీరువా అంత వేడినీళ్ల సిలిండరు రెండూ అక్కర్లేకుండా పోయాయి. ఆ పెట్టెలో సగం పని మనకు పనికిరాదు. గదులు వెచ్చబెట్టుకోవలసిన చలి డెల్టా కొసన ఉన్న దివిసీమకు ఎన్నడూ రాలేదు. దాని వెనక ఉన్న రెండు ఆలోచనలు మాత్రం మనవి చేసుకోదగ్గవి. నీళ్లు కాచి దాచుకోవడం దేనికి, కావలసినప్పుడే కాచుకోవచ్చు కదా అన్నది మొదటిది. ఇంటికంతటికీ ఒక్క సాధనం చాలదా అన్నది రెండోది.

నేను చెప్పదలచింది ఈ రెండింటి మీదే నిలుస్తుంది. దిగువ డెల్టాలోని చిన్నింటికి, వంటిల్లూ స్నానాలగదీ కలిసే గోడకు తగిలించిన ఒక్క చిన్న గీజరు సరిపోతుంది. చిన్నదంటే మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు, లేదా పది లీటర్ల నిల్వ గీజరు. వీటిలో ఏది అన్నది మీ నీళ్లలోని ఉప్పును బట్టి, మీ వీధి కరెంటును బట్టి తేలుతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది రెండో మాట. దుకాణంలో మాత్రం మొదటి ప్రశ్న అదే అడుగుతారు. "ఎంతమందండీ ఇంట్లో?" అని అడిగి, నలుగురు అనగానే పాతికలీటర్లది చూపిస్తారు. ఆ ప్రశ్న ఢిల్లీకి సరిపోతుంది, షవరు కింద పావుగంట నిలబడే ఇంటికి సరిపోతుంది. బకెట్టు ముందు పీట వేసుకుని చెంబుతో పోసుకునే ఇంటికి లెక్క వేరు.

ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కిస్తుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. జనవరిలో బందరులో తెల్లవారుజామున సగటున 19, 20 డిగ్రీలు ఉంటుంది. డాబా మీది ట్యాంకులో నీళ్లు రాత్రంతా చల్లబడి 22 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండే వేడి 40. అంటే పెంచవలసింది 18 డిగ్రీలు. ఇరవై లీటర్ల బకెట్టును పద్దెనిమిదితో గుణిస్తే 360. దాన్ని 860తో భాగిస్తే 0.42 యూనిట్. ఢిల్లీలో కొళాయి నీళ్లు 12 డిగ్రీలకు దిగినప్పుడు అదే బకెట్టుకు 0.65 యూనిట్ కావాలి. ఒకటిన్నర రెట్లు. గీజరు పెట్టెల మీద ఫలానా కుటుంబానికి ఇన్ని లీటర్లు అని రాసే పట్టికలు దేశమంతటికీ ఒకటే. మన నీళ్లు మూడోవంతు దారి నడిచొచ్చాకే గీజరులోకి వెళతాయన్న సంగతి ఆ పట్టికలకు తెలియదు.

ఇప్పుడు యంత్రాలను ఈ లెక్కలో పెట్టి చూడండి. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు ఒక బకెట్టు నింపడానికి ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకుంటుంది. రెండు కిలోవాట్ల పది లీటర్ల గీజరుకు తన నీళ్లను 60 డిగ్రీలకు తేవడానికి 13 నిమిషాలు పడుతుంది. ఆ పది లీటర్లలో చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 21 లీటర్లు వస్తాయి, అంటే సరిగ్గా ఒక బకెట్టు. పదిహేను లీటర్లది 20 నిమిషాలు తీసుకుని బకెట్టున్నర ఇస్తుంది. పాతిక లీటర్లది రెండున్నర బకెట్లు ఇస్తుంది గానీ అందుకు యూనిట్ పైన కాల్చి, అరగంట పైన ఆగమంటుంది. నలుగురున్న ఇంట్లో స్నానాలగది ఒక్కటే. ఒకరు లోపల ఉండగా ఇంకొకరు వెళ్లలేరు. ఒకరు ఒళ్లు తుడుచుకుని బయటికొచ్చి, ఇంకొకరు తువ్వాలు వెతుక్కుని లోపలికి వెళ్లేలోగా పది, పన్నెండు నిమిషాలు ఎటూ గడుస్తాయి. ఆ వ్యవధిలో తర్వాతి బకెట్టు సిద్ధమవుతుంది. రెండున్నర బకెట్ల నీళ్లు ఒకేసారి కాగి ఉండాల్సిన పని చిన్నింట్లో పుట్టదు. స్నానాలగదులు రెండు, మూడు ఉన్న ఇంటికి పుట్టిన అవసరాన్ని ఒక గది ఉన్న ఇంటికి అమ్ముతున్నారు.

ఇన్‌స్టంట్ గీజర్ల మీద అందరూ చేసే ఫిర్యాదు ఒకటుంది. తిప్పగానే సలసల కాగే నీళ్లు వస్తాయి, నిమిషం తిరక్కుండా గోరువెచ్చగా అయిపోతాయి అని. ఫిర్యాదు నిజమే. లోపల నిలిచిన మూడు లీటర్లు ముందు కాగి ఉంటాయి, అవి అయిపోయాక వచ్చేవి కడ్డీని తాకి పోయే నీళ్లు. మూడు కిలోవాట్లతో 18 డిగ్రీలు పెరగాలంటే నిమిషానికి రెండున్నర లీటర్ల కన్నా తక్కువే పారాలి. కొళాయి పూర్తిగా తిప్పితే అంతకు రెట్టింపు పారుతుంది. షవరుకు ఇది పెద్ద లోపం. బకెట్టుకు లోపమే కాదు. మొదట వచ్చిన వేడీ తర్వాత వచ్చిన వెచ్చదనమూ బకెట్లో కలిసి సమమవుతాయి. కొళాయి సగం తిప్పి వదిలేస్తే చాలు. మన స్నానపు అలవాటే ఈ యంత్రపు లోపాన్ని కప్పేస్తుంది. షవరు లేకపోవడం వెనకబాటుతనమని అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో ఆలోచించుకోవచ్చు.

వోల్టేజి గురించి అడిగేవాళ్ల ప్రశ్న ఇంతకన్నా బరువైనది. నాగాయలంక, కోడూరు వైపు లైను చివరి ఇళ్లలో పొద్దున్నే అందరూ మోటార్లు వేసే వేళ 230 వోల్టులు ఉండవు. 190 ఉన్నాయనుకుందాం. గీజరు శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి పడిపోతుంది గనక మూడు కిలోవాట్లది రెండు కిలోవాట్లకు దిగుతుంది. బకెట్టుకు ఎనిమిదిన్నర నిమిషాలు పట్టేది పన్నెండవుతుంది. అంతే తేడా. బకెట్టు లెక్కన చూస్తే ఇదీ ప్రాణాంతకం కాదు, కాస్త ఓపిక అడుగుతుందంతే. అసలు ఇబ్బంది మీటరు దగ్గర మొదలవుతుంది. చిన్నిళ్ల సర్వీసులు చాలావరకు ఒక కిలోవాటు లోడుకు తీసుకున్నవి. మూడు కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. విద్యుత్ సంస్థ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి లోడు పెంచించుకోవడం ఒక పని. మీటరు నుంచి గీజరు దాకా కనీసం 2.5, వీలైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగించుకోవడం ఇంకో పని. ఈ రెండూ చేయించలేని ఇంట్లో, లేదా అద్దె ఇంట్లో తీగలు మార్చడానికి యజమాని ఒప్పుకోనిచోట, తొమ్మిది ఆంపియర్లు కూడా దాటని రెండు కిలోవాట్ల పది లీటర్ల గీజరు మేలు. దానికీ పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. లోడు మాట తప్పదు గానీ తీగ మీద ఒత్తిడి మూడో వంతు తగ్గుతుంది.

ఇక నీళ్లు. ఈ అధ్యాయంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ పేరా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే దిగువ డెల్టాలో గీజర్లను చంపేది వయసు కాదు, నీళ్లు. కృష్ణ మీద బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట, 1957లో దాని ఎగువన ప్రకాశం బ్యారేజి వచ్చి డెల్టాకు తీపినీళ్లు పంచాయి. పట్టణాల మున్సిపల్ కొళాయిల్లో వచ్చేది ఆ కాలవ నీళ్లే. గీజరుకు పెద్ద హాని చెయ్యవు. కాలవ నీళ్లు కొళాయికి చేరని ఇంట్లో బోరే దిక్కు. సముద్రం దగ్గరవుతున్న కొద్దీ బోరు లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. పాత ఇసుకదిబ్బల కింద ఉప్పునీళ్ల మీద తేలుతున్నట్టుండే పలుచని తీపినీటి పొర ఉంటుంది. దాన్ని తోడుకోవడానికే దివిసీమలో లోతు తక్కువ ఫిల్టర్ పాయింట్లు దింపుకుంటారు. ఎక్కువ తోడితే ఆ పొర పలచబడి ఉప్పు పైకొస్తుంది. అందుకే పక్కపక్క ఇళ్లలో కూడా నీళ్లు ఒకలా ఉండవు, పక్కింటి గీజరు పదేళ్లు నడిచిందని మీదీ నడుస్తుందన్న హామీ లేదు.

నీళ్లు గీజరును రెండు రకాలుగా తింటాయి. కాఠిన్యం ఉన్న నీళ్లు కాగినప్పుడు కడ్డీకి తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. కడ్డీ లోపల్లోపల మాడి ఒకనాడు తెగుతుంది. నీళ్లు ఎంత ఎక్కువ కాగితే పెచ్చు అంత త్వరగా పేరుకుంటుంది. ఉప్పు, అంటే క్లోరైడు, చేసే పని వేరు. వేడి తోడైతే అది స్టెయిన్‌లెస్ స్టీలును కూడా సూదితో పొడిచినట్టు చిల్లులు పొడుస్తుంది, ముఖ్యంగా అతుకుల దగ్గర. "స్టీలు ట్యాంకండీ, తుప్పు పట్టదు" అన్న మాట కాలవ నీళ్లకు సరే. ఉప్పు బోరుకు సరిపోదు. అలాంటి నీళ్లకు లోపల గాజు ఎనామెల్ పూత ఉన్న ట్యాంకు, అందులో మెగ్నీషియం కడ్డీ ఉన్న గీజరు కావాలి. ఆ కడ్డీని ఆనోడ్ రాడ్ అంటారు. ట్యాంకు బదులు తాను కరిగిపోవడమే దాని ఉద్యోగం. ఉప్పునీళ్లలో అది త్వరగా కరుగుతుంది. ఏడాదికోసారి విప్పి చూసి, సన్నబడితే మార్చాలి. గీజరు కొన్న నాలుగేళ్లకు ట్యాంకు కారుతోందని కొత్తది కొనేవాళ్లలో చాలామందికి లోపల అలాంటి కడ్డీ ఒకటుందనే తెలియదు, అది మారిస్తే గీజరు బతికేదని అంతకన్నా తెలియదు.

నీళ్ల సంగతి తెలుసుకోవడానికి ప్రయోగశాలే అక్కర్లేదు. బియ్యం ఎసరు పెట్టే గిన్నె అడుగున తెల్లపెచ్చు కడుతుందా, సబ్బు నురగ రానంటుందా, కొళాయి మెడ దగ్గర తెల్లగా పొడి పేరుకుంటుందా చూడండి. కొన్ని వందలకు టీడీఎస్ మీటరు దొరుకుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు, క్లోరైడు 250 లోపు, మొత్తం కరిగిన లవణాలు 500 లోపు ఉండాలి. వేరే గతి లేనప్పుడు 600, 1000, 2000 దాకా ఒప్పుకుంటుంది. మొదటి హద్దులోపల ఉన్న నీళ్లకు ఏ గీజరైనా నడుస్తుంది. రెండో హద్దు దరిదాపుల్లో ఉన్న నీళ్లకు ఎనామెల్ ట్యాంకు తప్పదు. థర్మోస్టాటు మరను కూడా 75 డిగ్రీల మీద పెట్టకూడదు, 55 దగ్గర ఆపాలి. అలా ఆపితే నిల్వ నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయని డాక్టర్లు అభ్యంతరం చెబుతారు. గోరువెచ్చని నీళ్లు రోజుల తరబడి నిలిచే పెద్ద ట్యాంకుల్లో అది నిజమైన భయమే. పది లీటర్ల ట్యాంకులో నీళ్లు పూటకు నాలుగుసార్లు మారిపోతాయి. ఊరికి వెళ్లి వచ్చినప్పుడు మాత్రం ఒకసారి పూర్తిగా కాగనిచ్చి, ఆ నీళ్లు పారబోసి వాడుకుంటే సరిపోతుంది.

బోరు నీళ్ల గురించి ఇంకో మాట. నేల లోపలి నీళ్లకు చలికాలం తెలియదు. తెల్లవారుజామున అప్పుడే తోడిన నీళ్లు 27 డిగ్రీల దగ్గర ఉంటాయి, చేతికి వెచ్చగా తగులుతాయి. రాత్రి ట్యాంకు నింపి పడుకునే బదులు పొద్దున్నే మోటారు వేస్తే బకెట్టుకు 0.42 యూనిట్ పట్టేది 0.30తో తేలిపోతుంది. పైసా ఖర్చు లేకుండా పావువంతు పైన ఆదా. వెచ్చగా ఉన్న నీళ్లే ఉప్పగా కూడా ఉండటం డెల్టా చివరి వాళ్ల దురదృష్టం.

ఇంత లెక్క దేనికి, మూడు వందల రూపాయల హీటరు కడ్డీ బకెట్లో పడేస్తే పోదా అనేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. కడ్డీ నీళ్లు కాచదని ఎవరూ అనరు. ఒకటిన్నర కిలోవాట్ల కడ్డీ 17 నిమిషాల్లో బకెట్టు కాస్తుంది, అదే 0.42 యూనిట్‌తో. స్థలం ఆదా చేస్తుందన్నది మాత్రం భ్రమ. గీజరు తినేది గోడను, అదీ తలకు పైన. కడ్డీ వేసిన బకెట్టు తినేది నేలను. నలుగురికి నాలుగు బకెట్లంటే గంట పైచిలుకు సేపు, మూడు వందల చదరపు అడుగుల ఇంట్లో, పిల్లలు బడికి తయారయ్యే వేళ, నడిచే దారిలో కరెంటు పారుతున్న బకెట్టు కూర్చుని ఉంటుంది. నీళ్లు కాగాయా లేదా అని స్విచ్చి ఆపకుండా వేలు పెట్టి చూసే అలవాటు ఎన్ని ప్రాణాలు తీసిందో పేపరు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా చాలా ఇళ్లలో దాన్ని ఆరు ఆంపియర్ల మామూలు ప్లగ్గులో గుచ్చుతారు. అది లాగేది ఆరున్నర. ప్లగ్గు నల్లబడటం, మాడిన వాసన రావడం అక్కణ్నుంచే.

గ్యాసు గీజరు వాదం దీనికన్నా గట్టిది. గోడకు తగిలించవచ్చు, కరెంటు పోయినా నడుస్తుంది, ఆగకుండా వేడినీళ్లు ఇస్తుంది. చూడబోతే కాంబీ బాయిలరుకు దగ్గరి చుట్టం ఇదే. ఖర్చు చూద్దాం. గ్యాసు వేడిలో 80 శాతం నీళ్లకు చేరుతుందనుకుంటే బకెట్టుకు 41 గ్రాములు కావాలి. 14.2 కిలోల సిలిండరుకు సుమారు 346 బకెట్లు. సిలిండరు 900 రూపాయలనుకుంటే బకెట్టు రెండు రూపాయల అరవై పైసలు. కరెంటు ఆరు రూపాయల స్లాబులో ఉన్నా బకెట్టు రెండున్నర. తేడా లేదు. ఖర్చులో గెలవని గ్యాసు, ప్రమాదంలో మాత్రం చాలా ముందుంది. నాలుగడుగుల వెడల్పు స్నానాలగదిలో, దోమల కోసం కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టిన గదిలో, మంట మండితే ప్రాణవాయువు తరిగి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టుండి స్పృహ తప్పుతుంది. చిన్న గదే దాని బలం. బయటి గోడకు, గాలి ఆడే వసారాలో పెట్టగలిగితేనే గ్యాసు మాట ఎత్తాలి. ఒక్క అంతస్తు ఇంట్లో ట్యాంకు ఎత్తు చాలక నీటి ఒత్తిడి తక్కువైతే అది వెలగనే వెలగదు, ఆ మాట కొనేముందు అడిగి తెలుసుకోవాలి.

సోలారు గురించి ఒక్కమాటలో చెప్పాలంటే, డాబా మీ సొంతమైతే మంచిదే. వంద లీటర్ల పలకకు రెండు చదరపు మీటర్ల చోటు చాలు. కాఠిన్యం ఉన్న నీళ్లకు సన్నని రాగి గొట్టాల పలక కన్నా గాజు గొట్టాలది నయం, పూడుకుపోదు. అపార్టుమెంటులో పైకప్పు ఎవరిదో తేలదు. మూడు నెలల చలి కోసం ఏడాది పొడుగునా ఎండలో నిలబడే యంత్రానికి పెట్టుబడి తిరిగి రావడమూ ఆలస్యమే. 1977 నవంబరు 19న ఉప్పెన చూసిన దివిసీమలో డాబా మీద ఏది నిలబెట్టినా బోల్టులు స్లాబులోకి దిగాలి, సిమెంటు దిమ్మల బరువు మీద ఆనించి వదిలేయకూడదు. ఏడాదంతా వేణ్ణీళ్లు కావలసిన పెద్దవాళ్లున్న సొంతింటికి మాత్రం ఇదే సరైన దారి.

కరెంటు బిల్లు భయం మిగిలింది. రోజుకు నాలుగు బకెట్లంటే 1.68 యూనిట్లు, నెలకు యాభై. 2022లో ఖరారైన మన స్లాబుల్లో 76 నుంచి 125 దాకా నాలుగున్నర రూపాయలు, 126 నుంచి 225 దాకా ఆరు. నెలకు 110 యూనిట్లు కాల్చే ఇల్లు 160కి చేరితే అదనంగా పడేది సుమారు 278 రూపాయలు, పైన చిల్లర చార్జీలు. అదీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. బిల్లు పెరిగేది కాచినందుకు కాదు, మరిచిపోయినందుకు. నిల్వ గీజరు స్విచ్చి వేసి వదిలేస్తే రాత్రంతా చల్లబడుతూ, మళ్లీ కాగుతూ ఉంటుంది. నిల్వ గీజర్ల మీది నక్షత్రాలు కొలిచేది ఈ కారిపోయే వేడినే, ఇరవై నాలుగు గంటల లెక్కన. ఇరవై నిమిషాలు వేసి ఆపేసే ఇంట్లో మూడు నక్షత్రాలకూ అయిదింటికీ బిల్లులో తేడా కనిపించదు. ఆ డబ్బు ట్యాంకు పూత మీద పెట్టండి. నక్షత్రాల కన్నా ముందు చూడవలసినది ఐఎస్ఐ ముద్ర: ఇన్‌స్టంట్ గీజరు మీదైనా అది ఉండాలి, నిల్వ గీజరు మీదైతే ఐఎస్ 2082 అంకెతో.

భోగి నాడు ఎలా అంటారు. పదిమంది చుట్టాలు దిగితే, అందరికీ తెల్లారేలోగా తలంటు పొయ్యాలంటే ఒక్క బకెట్టు గీజరు ఏం చేస్తుంది? ఏమీ చెయ్యలేదు. భోగిమంట మీద బిందెలు పెట్టి కాచుకున్న పండగ అది, ఆ ఒక్క రోజుకు వంటింటి గ్యాసు పొయ్యి మీద పెద్ద గిన్నె ఉంది. ఏడాదిలో ఒక రోజు కోసం 364 రోజులు పాతిక లీటర్లను గోడకు మోయించడం లెక్క కాదు. బాలింత ఉన్న ఇంటి సంగతి వేరు. పూటపూటా ఒంటికి నీళ్లు, పసిబిడ్డకు నీళ్లు, బట్టలకు నీళ్లు అంటే పదిహేను లీటర్లది నిజంగా అవసరమే. పురిటికి కూతురు పుట్టింటికి వచ్చే ఇల్లయితే ముందే ఆలోచించుకోవాలి.

ఎక్కడ తగిలించాలన్నది చివరి ప్రశ్న, స్థలం నిజంగా కలిసొచ్చేది ఇక్కడే. అరంగుళం సీపీవీసీ పైపు మీటరు పొడవులో సుమారు 120 మిల్లీలీటర్ల నీళ్లు నిలుస్తాయి. కొళాయి కట్టిన ప్రతిసారీ అవి పైపులోనే చల్లారిపోతాయి. గీజరు కొళాయికి ఎంత దగ్గరైతే అంత లాభం. వంటిల్లూ స్నానాలగదీ ఒకే గోడ పంచుకునే ఇంట్లో, స్నానాలగది వైపు తలుపు పైన ఖాళీగా ఉండే గోడకు గీజరు తగిలించి, అదే పైపును గోడ దాటించి అంట్లు తోమే సింకు మీద ఇంకో కొళాయి పెడితే ఒక్క యంత్రం రెండు పనులు చేస్తుంది. మన కాంబీ అదే. రెండు కొళాయిలూ ఒకేసారి తిప్పకూడదన్నది ఒక్కటే నియమం. టిడ్కో ఫ్లాట్ల గోడలు ఇటుకవి కావు, షియర్ వాల్ పద్ధతిలో పోసిన కాంక్రీటు. వాటిలో పైపు కోసం, తీగ కోసం గాడి కొట్టకూడదు. గోడ మీదుగానే క్లిప్పులు వేసి పైపు నడపాలి. నాలుగంగుళాల ఇటుక గోడకు నిండిన పాతిక లీటర్ల గీజరు నలభై కిలోల దాకా బరువు మోపుతుంది. మూడు లీటర్లది నిండినా ఆరేడు కిలోలే.

అందుచేత నా తీర్పు ఇది. గుడివాడలోనో బందరులోనో మున్సిపల్ నీళ్లు, నిలకడైన కరెంటు ఉండి లోడు పెంచించుకోగలిగితే మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు తీసుకోండి. ఉప్పు బోరు, ఊగిసలాడే వోల్టేజి ఉన్న అవనిగడ్డ దిగువ ఊళ్లలో ఎనామెల్ ట్యాంకు పది లీటర్ల గీజరు తీసుకోండి. రెండింటిలో ఏది కొన్నా స్విచ్చి స్నానాలగది బయట ఉండాలి, ఎర్తు తీగ ఉండాలి. చౌడు నేలలో ఎర్తు గొట్టం తొందరగా తుప్పు పడుతుంది, ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు పాతిందే ఉందిలే అనుకోవద్దు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎలక్ట్రీషియన్ సామాను సర్దుకుని వెళ్లేముందు, దాని మీదున్న టెస్ట్ బటన్ మీ ఎదుట ఒకసారి నొక్కించండి. టక్కున పడిపోయి ఇంట్లో దీపాలు ఆరిపోతేనే అతనికి డబ్బులివ్వండి.